నాన్న అంటించిన టేపు

అసలు కాలితో నొక్కే గిటార్ పెడల్ నాబులకు టేపు అంటించి బిడ్డకిచ్చే తండ్రి ఈ హైదరాబాదులో మా నాన్న ఒక్కడే అయ్యుంటాడు, ఉన్నవే రెండు నాబులు, గిటార్ స్వరం ఎంత వేగంగా ఊగాలో ఒకటి, ఎంత లోతుగా ఊగాలో ఇంకొకటి, రెండూ కదలకుండా తెల్లటి టేపు, పక్షవాతంతో ఎడమచెయ్యి పడిపోయాక ఆర్కెస్ట్రాలో తన కుర్చీతో పాటు ఈ పెడల్‌నూ నాకిచ్చి, ముట్టకు ఉదయా, గిట్లనే ఉండాలె, ఇరవై ఏండ్ల సౌండ్ ఇది అన్నాడు, నేనూ ముట్టలేదు, రెండేళ్లు, చిక్కడపల్లి హాల్లో జనం చప్పట్లు కొట్టి అచ్చం వాళ్ల నాన్న కిషన్ రావులాగే వాయించింది అంటుంటే నవ్వుతూ నిలబడ్డాను, అచ్చం, ఆ మాట వింటేనే ఒళ్లు మండుతుంది, ఉదయశ్రీ అనే మనిషే లేనట్టు.

ఏమ్మా, అయిందా సౌండ్ చెకింగ్ అని స్టేజీ కింద నుంచి మా లీడర్ వీరరాఘవరావు గారు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం, జర ఆగండి సార్ అంటూ పెడల్ మీదికి వంగాను, ఐదింటికి నాన్న అశోక్‌నగర్ నుంచి ఆటోలో వస్తాడు, ముందు వరసలో కళ్లు మూసుకుని తన సౌండే వింటాడు, ఇవాళ అది వినిపించకపోతే ఆ చెయ్యి రెండోసారి పడిపోయినట్టే కదా, పాపమే, కానీ నా గోరు అప్పటికే టేపు అంచు కిందికి పోయింది, చర్రున ఊడొచ్చింది, వద్దమ్మా, మీ నాయిన పెట్టింది కదిలియ్యకు, ప్రోగ్రాం ఖరాబైతది అని ఆయన కేక, అయితే కానీయండి సార్.

టేపు కింద బంక, బంక కింద గీతలు, పెన్సిల్‌వి, బ్లేడుతో గీకినవి, నాబు ఎందాక తిప్పాలో గుర్తులు, చుట్టూ ఏడో ఎనిమిదో, ఒకటి కొట్టేసి ఇంకొకటి, నా చిన్నప్పుడు నారాయణగూడ కిరాయింట్లో పొద్దున్నే ఇదే పెడల్ ముందు బాసింపట్టు వేసుకుని నాన్న, ఎన్నిసార్లు తిప్పుతవయ్యా, లీడర్ చెప్పిన కాడ పెట్టరాదు అని చపాతీలు కాలుస్తూ అమ్మ, ఆయన చెప్పినట్టు కాదే, నాకు నచ్చినట్టు మోగాలె అని నాన్న, గీస్తూ, కొట్టేస్తూ, అన్నీ మరిచిపోయి నాకు టేపేశాడు మహానుభావుడు.

వేగం తగ్గించాను, లోతు పెంచాను, తీగ మీటితే స్వరం నింపాదిగా ఊగింది, ఏందమ్మా, మీ నాయిన సౌండ్ కాదు గదా ఇది, కాదు సార్, నాది, బయట ఆటో ఆగిన చప్పుడు, రానీ, వచ్చి కూర్చోనీ, కోపమొస్తే ఇంటికెళ్లాక తిట్టనీ, పెన్ను తీసి ఆ గీతల పక్కన నాదొకటి గీశాను, తిప్పే హక్కు నాన్నకు ఎవరూ ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నాడు, నేనూ అంతే.