అతికిన చోట

ఒక ఆదివారం మధ్యాహ్నం భూదేవి దువ్వెనతో అరికాళ్లు గీక్కుంటూ నవత కంటబడింది.

తార్నాకలో వాళ్లది రెండు గదుల ఇల్లు. నవత భర్త బాలరాజు యూనివర్సిటీ క్యాంపస్ గేటు దగ్గరున్న తన జిరాక్సు షాపుకు వెళ్లాడు. థీసిస్‌లు బైండింగుకు వచ్చే రోజులు, ఆదివారమైనా తీరిక లేదు. ఆడబిడ్డ భూదేవి నిద్రపోతోందనుకొని నవత ఆరిన బట్టలతో చప్పుడు చేయకుండా గదిలోకి వెళ్లింది. చూస్తే ఆమె మంచం మీద కూర్చొని, పళ్లు బిగబట్టి పాదాన్ని గీకుతోంది. నవతను చూడగానే దువ్వెన దిండు కిందికి తోసేసింది.

"ఏమైంది వదినా?"

"ఏం లేదు. చెమటకాయలు."

డిసెంబరు చలిలో చెమటకాయలేమిటి? నవత ఆ మాట పైకి అనలేదు. వాళ్లిద్దరి మధ్య అంత చనువు లేదు.

ఆ ఏడు వేసవిలో బాలరాజు తన కాలేయంలో సగానికి పైగా అక్కకు ఇచ్చాడు. తల్లి పోయాక అతన్ని చంకనేసుకొని పెంచింది భూదేవే. ఎప్పుడో ఒంట్లో చేరిన వైరస్ ఆమె కాలేయాన్ని లోలోపలే తినేసిందని తెలిసినప్పుడు అతను వెనకాముందూ చూడలేదు. నవత మాత్రం వద్దంది. వాళ్ల పెళ్లయి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఆసుపత్రి వరండాలో అందరి ముందూ "నేను ఒప్పుకోను" అని ఏడ్చింది. చివరికి ఒప్పుకుంది గాని, పక్కనే స్ట్రెచర్ మీద భూదేవి అంతా వింటూ పడుకొని ఉందని ఆమెకు తర్వాత తెలిసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. బాలరాజు కోలుకున్నాడు. చెకప్‌లకు దగ్గరగా ఉంటుందని భూదేవిని ఆలేరు పక్క పల్లె నుంచి ఇక్కడికే తెచ్చుకున్నారు. అప్పట్నుంచి ఇద్దరాడవాళ్లూ ఒకే ఇంట్లో ఎంతో మర్యాదగా మసలుకుంటున్నారు. ఆ మర్యాదే కాస్త ఎక్కువైంది.

ఇంకా ఎండ ఉండగానే నవత చాయ్ నెపంతో ఆమెను బాల్కనీలోకి పిలిచింది. వెలుతురులో చూస్తే కళ్లు పసుపు నీళ్లు కలిపినట్టున్నాయి. చేతులు పట్టుకొని చీర కొంగు పక్కకు జరిపింది. మోచేతుల దాకా గోటి గీతలు, కొన్నిచోట్ల నెత్తురు కట్టినవి.

"ఎప్పట్నించి?"

భూదేవి తల దించుకుంది. "చానా దినాలాయె. మూత్రం గూడ పచ్చగ, చిక్కగ వస్తున్నది."

"మరి చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె నవతా? వాడు కడుపు కోయించుకొని ఇచ్చిండు. అది గూడ ఖరాబైందని ఏ నోటితోటి చెప్పాలె? నీ మొకం ఎట్ల చూడాలె?"

నవతకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగేసి, "చెప్పులేసుకోండ్రి, దవాఖానకు పోదాం" అంది.

బాలరాజు షాపు మూసి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. రక్తపరీక్షలు, స్కాను అయ్యాక, వేసవిలో ఆపరేషన్ చేసిన బృందంలోని డాక్టర్ కరుణ ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. బాలరాజు ముఖం చూసి, అతను అడగకముందే చెప్పింది.

"లివర్ మంచిగున్నది. మీరిచ్చింది చక్కగ పనిచేస్తున్నది. చిక్కల్లా నాళం దగ్గర. లివర్‌ల తయారయ్యే పైత్యరసం ఆ నాళంలకెళ్లే పేగులకు పోవాలె. మీ ముక్కకున్న నాళాన్ని అక్క నాళానికి కలిపి కుట్టినం కదా, ఆ అతికిన చోట మచ్చ గట్టిపడి దారి ఇరుకైంది. రసం పోలేక వెనక్కి తన్ని రక్తంల కలుస్తున్నది. ఒళ్లంత దురద అందుకే. ఇచ్చినోళ్ల తప్పు గాదు, తీస్కున్నోళ్ల తప్పు గాదు. కొందరికి ఇట్లయితది."

"మళ్ల కోస్తరా?" అంది భూదేవి.

"కొయ్యం. నోట్లకెళ్లి కెమెరా ఉన్న గొట్టం పంపి, ఇరుకైన చోట వెడల్పు చేసి, సన్న ప్లాస్టిక్ స్టెంట్ పెడతం. రసం దాంట్లకెళ్లి పారుతది."

అనుకున్నంత సులువుగా అది జరగలేదు. ఇరుకైన చోట నాళం మెలిక తిరిగి ఉండడంతో, దారి చూపాల్సిన సన్నని వైరు ఎంత ప్రయత్నించినా దాటలేదు. అదే సాయంత్రం భూదేవికి చలిజ్వరం వచ్చింది. లోపల నిలిచిన రసానికి ఇన్ఫెక్షన్ సోకిందన్నారు. ఇక ఆగకుండా కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి సూదితో కాలేయంలోకి గొట్టం వేసి, రసాన్ని బయట ఒక సంచిలోకి వదిలారు. కొన్ని రోజులకు జ్వరం దిగింది. వాపు తగ్గాక మళ్లీ ప్రయత్నిద్దామని సంచితోనే ఇంటికి పంపారు.

ఆ సంచి భూదేవిని కుంగదీసింది. అందులో పేరుకునే ఆకుపచ్చ ద్రవాన్ని ఎవరూ చూడకూడదని దుప్పటి కప్పుకొని కూర్చునేది. వాళ్లతో కలిసి అన్నానికి కూడా వచ్చేది కాదు.

"నాకే రోతయితున్నది. మీరెట్ల తింటరు?" అనేది.

సంచి ఖాళీ చేయడం, గొట్టం చుట్టూ శుభ్రం చేయడం నర్సు దగ్గర నేర్చుకున్నది నవతే. మొదటిరోజు ఊపిరి బిగబట్టింది. తర్వాత అది పాలు కాచడం, బట్టలు ఆరేయడం లాంటి పనే అయింది. ఒకరోజు తన నూలు చున్నీ కత్తిరించి, భుజానికి తగిలించుకునేలా పట్టీతో ఒక జోలె కుట్టింది. ప్లాస్టిక్ సంచిని అందులో పెట్టి భూదేవి నడుం పక్కగా వేలాడదీసి, పైన కొంగు కప్పింది.

"చూడు, కనబడుతున్నదా? రేపు పొద్దున నాతోటి నడకకు వస్తున్నవు."

ఇన్నాళ్లూ 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అనడం భూదేవి గమనించింది.

నవత క్యాంపస్ లైబ్రరీలో పనిచేస్తుంది. డ్యూటీకి ముందు ఇద్దరూ ఆర్ట్స్ కాలేజీ దారిన మెల్లగా నడిచేవాళ్లు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు చెట్ల కింద పుస్తకాలు పట్టుకొని పచార్లు చేస్తుండేవాళ్లు. భూదేవి అలసిపోతే అరుగు మీద కూర్చునేవాళ్లు. అలా కూర్చున్న ఒక ఉదయం ఆమే మాట తీసింది.

"ఆ దినం వరండల నువ్వన్న మాటలన్ని నేనిన్న."

నవత ఆమె వైపు తిరిగింది. "వదినా..."

"ఆగు. నీ జాగాల నేనున్నా గట్లనే మొత్తుకుందును. మొగని కోసం ఏడ్వకపోతే ఇంకెవరి కోసం ఏడుస్తవు? నా తమ్మునికి గట్టి పిల్లే దొరికిందనుకున్న."

"నీ మీద కోపంతోటి అనలే వదినా. భయమైంది. ఇద్దరికి ఇద్దరు పోతే నేనేం గావాలె అని."

"ఇప్పుడో?"

"ఇప్పుడు గూడ భయమే. అప్పుడు ఆయన కోసమే భయపడ్డ. ఇప్పుడు నీ కోసం గూడ భయపడుతున్న."

భూదేవి నవ్వబోయి, గొట్టం ఉన్నచోట కలుక్కుమంటే పక్క పట్టుకుంది. నవత చెయ్యి కూడా అక్కడికే వెళ్లింది.

రెండోసారి డాక్టర్ కరుణ బృందం దారి మార్చింది. పక్కటెముకల గొట్టం గుండా పైనుంచి వైరును కిందికి నెట్టారు. నోటి ద్వారా పంపిన గొట్టం కింద పేగులో దాన్ని అందుకుంది. ఆ వైరు మీదుగా రెండు స్టెంట్లు లోపల కూర్చున్నాయి. బయటికొచ్చి డాక్టరు "దారి దొరికింది" అనగానే బాలరాజు గోడకు ఆనుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నవత అతని తల నిమిరింది.

కొద్దిరోజులకే సంచి తీసేశారు. దురద తగ్గి భూదేవి తెల్లారేదాకా నిద్రపోవడం మొదలుపెట్టింది. కళ్లు మెల్లమెల్లగా తెల్లబడ్డాయి. అంతటితో అయిపోలేదు. మూడేసి నెలలకోసారి స్టెంట్లు మార్చాలి. దాదాపు ఏడాదిపాటు ఆ తిరుగుడు సాగింది. ప్రతిసారీ నవత సెలవు పెట్టి వెంట వెళ్లింది. చివరికి స్టెంట్లన్నీ తీసేసి, నాళం తెరుచుకునే ఉందని చెప్పి, జ్వరమొచ్చినా దురదొచ్చినా ఆలస్యం చేయకుండా రమ్మని పంపారు.

ఆ రోజు ఇంటికి వెళ్లే ముందు హబ్సిగూడలో టిఫిన్ సెంటర్ దగ్గర బాలరాజు ఆటో ఆపించాడు. భూదేవి పెసరట్టు చెప్పింది. ప్లేటు రాగానే నవత చట్నీ గిన్నె పక్కకు జరిపింది.

"పచ్చి చట్నీ వద్దు వదినా, నీకు ఊకెనే ఇన్ఫెక్షన్ సోకుతది. పొగలొచ్చే సాంబారు తెమ్మంట."

"చూస్తున్నవారా తమ్మీ?" భూదేవి బాలరాజు వైపు తిరిగి వాపోయింది. "నీ పెండ్లాం నాకు అత్తయి కూసున్నది."

"నన్నడుగుతవేందక్కా? నా ప్లేట్లకెళ్లి గూడ తీసేసింది," అన్నాడు బాలరాజు.

ముగ్గురూ నవ్వుకున్నారు. భూదేవి వేడి పెసరట్టు ముక్క తుంచి, ఊది, మొదట నవత నోటికి అందించింది.