ఆకుగొట్టం పురుగు

నందికొండ కాలువలు ఇంకా తవ్వుతున్న రోజులవి. అద్దంకి దగ్గర ఆ ఊరి చుట్టూ పత్తి, మిరప. చెరువు కింద మాత్రం కాస్త వరి. అందులో అరెకరం రసూల్‌బీది. దాన్ని సాగుచేసే కొడుకు ఎండాకాలంలో పోయాడు. కోడలు జానీబీ ఇద్దత్‌లో, అంటే మొగుడు పోయినామె ఇల్లు కదలకుండా ఉండే నాలుగు నెలల పది రోజుల గడువులో ఉంది. గడువు తీరేదాకా గడప దాటకూడదని రసూల్‌బీ పట్టు. దాటితే తుళ్లూరులో తన అన్న ఖాజావలి దగ్గరికి పోతుందని భయం. ఇంట్లో ఇంకెవరూ లేరు.

దీపం పెట్టగానే చిన్న చిన్న తెల్లరెక్కల పురుగులు వచ్చి గోడకు అతుక్కున్నాయి.

"అత్తా, ఇవి వరి మళ్ళోవి. ఆకు అడుగున గుడ్లు పెడతాయి. పొద్దున చూసిరా" అంది జానీబీ.

"పురుగుల్ని చూసి జోస్యం చెప్పు!" అని కసిరింది రసూల్‌బీ. తెల్లారగానే మాత్రం వెళ్ళింది.

ఆకుల కొసలు కత్తెరతో కోసినట్టున్నాయి. కోసిన ముక్కలు గొట్టాల్లా చుట్టుకొని నీళ్ళమీద తేలుతున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో పురుగు. ఆ గొట్టంతోనే ఈ దుబ్బు నుంచి ఆ దుబ్బుకు చేరుతోంది.

పక్క మడి పేరయ్య కేకేశాడు. "కిరసనాయిల్లో తడిపిన తాడు పైరు మీద లాగు అక్కా! గొట్టాలు రాలాక నీళ్ళు తీసెయ్. నీళ్ళు లేకపోతే అందులోనే చస్తాయి."

"రెండో కొస నువ్వు పట్టరాదూ?"

"నా మడికే మనిషి లేడు. జనమంతా మిరప కలుపుల్లో ఉన్నారు. నీ కోడలు లేదా?"

రసూల్‌బీ మసీదులో నమాజు చదివించే అలీ సాహెబ్ దగ్గరికి పోయింది. కోడలు మడిలోకి రావచ్చా అని, కాదంటాడనే ఆశతోనే అడిగింది.

"తిండికోసమైతే పగలు వెళ్ళొచ్చమ్మా. రాత్రికి ఇల్లు చేరాలి. ఎవరొద్దన్నారు?"

పైరు పోతే, తిండి లేదని ఖాజావలి వచ్చి చెల్లెల్ని తీసుకుపోతాడు. మడిలోకి పంపితే, పక్కనే తుళ్లూరు వైపు పోయే గుంటూరు బస్సు ఆగే రోడ్డు.

ఇంటికొచ్చి "పద" అంది.

"ఎవరన్నా ఏమన్నా అంటే?"

"నన్నంటార్లే. కొంగు దోపు."

తాడుకు ఆ కొస కోడలు, ఈ కొస అత్త. తాడు పైరు మీదుగా సాగుతుంటే గొట్టాలు టపటపా నీళ్ళలో రాలాయి. ఇంతలో బస్సు వచ్చి ఆగింది. జానీబీ అటు చూసింది. చాలాసేపు చూసినట్టనిపించింది రసూల్‌బీకి.

"అత్తా, లాగవేం? నిలబడి నిద్రపోతున్నావా?"

బస్సు వెళ్ళిపోయింది.

గట్టు తెంచి, పాత చీర అడ్డం కట్టారు. నీళ్ళు పోయాయి. గొట్టాలు చీరలో నిలిచాయి. జానీబీ ఒకటి విప్పబోతే పురుగు మరింత లోపలికి ముడుచుకుంది. దాన్ని గట్టుమీద ఎండలో పడేసింది.

"మళ్ళీ ఓసారి లాగాలి. గింజ దక్కుతుందిలే" అంది. "గడువు తీరాక అన్న వస్తానన్నాడు. కోతలయ్యాక రమ్మని కబురు పెడతా" అంది.

రసూల్‌బీ పైరు వంక చూసింది. ఈ ఏడు అది త్వరగా పండుతుందేమోనని అప్పుడే గుబులు పుట్టింది.