లూసీ పట్టిన చేప

షాలేం రాజుకి సెలవంటే అదో పెద్ద పని. అమెరికాలో క్యారీకి వచ్చిన ఈ ఇరవై నాలుగేళ్ళలో వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా చర్చిలోని నాలుగు కుటుంబాలతో, రెండు వ్యాన్లతో, గంటకో ప్రోగ్రాంతో వెళ్ళారు. స్మోకీ కొండలకి వెళ్ళినా, మర్టిల్ బీచ్‌కి వెళ్ళినా లూసీ ఎక్కువగా చూసింది అద్దె ఇంటి వంటగదినే. రైస్ కుక్కర్, పోపుడబ్బా, ఆవకాయ సీసా అన్నీ ఆమె చేతిమీదుగానే కారెక్కేవి. మిగతావాళ్ళు నీళ్ళలోకి దిగితే ఒడ్డున బ్యాగుల దగ్గర ఆమె కూర్చునేది. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒకరు ఉండాలి కదా అని మొదట్లో కూర్చుంది. పోనుపోను అది ఆమె చోటైపోయింది.

అందుకే ముప్పయ్యో పెళ్ళిరోజుకి కూతురు జోసఫిన్ బోస్టన్ నుంచి ఫోన్ చేసి, "సెప్టెంబర్‌లో మీ ఇద్దరికే స్కాట్లాండ్ ట్రిప్ బుక్ చేశాను" అన్నప్పుడు, లూసీకి సంతోషం కన్నా ముందు కంగారు పుట్టింది.

"ఇద్దరమేనా? రోజంతా ఏం మాట్లాడుకుంటామే?"

"మామ్, ఏం మాట్లాడక్కర్లేదు. డాడీ ఆల్వేస్ పులస పులస అంటాడు కదా. అక్కడ రివర్‌లో సాల్మన్ వస్తది, సముద్రం నుంచి పైకి. సేమ్ థింగ్. త్రీ డేస్ ఫిషింగ్ బుక్ చేశాను."

పులస మాట చెవిని పడగానే షాలేం రాజు ఫోన్ లాక్కున్నాడు. ఆయనది నర్సాపురం. గోదావరికి ఎర్రనీళ్ళు తగిలిన రోజుల్లో పుట్టిన ఆకలి అమెరికా వచ్చినా ఆయనకి తీరలేదు. ఆ రాత్రే ఆయన చేపలు పట్టే వీడియోలు చూడటం మొదలుపెట్టాడు.

ఎడిన్‌బరోలో దిగి, అద్దె కారు తీసుకుని మూడు గంటలు వెళితే ఇన్వర్‌డల్లీ. కారు నేర్చుకుంది అమెరికాలోనే కాబట్టి ఎడమవైపు డ్రైవ్ చేయడం షాలేం రాజుకి కొత్త. ఎదురుగా ట్రాక్టరు వచ్చినప్పుడల్లా "ప్రభువా" అంటూ కారు పొదల్లోకి నెట్టేవాడు. లూసీ పక్కన కూర్చుని ఐదు నిమిషాలకోసారి "లెఫ్టండీ, లెఫ్టు" అంటూ వచ్చింది. ఊరు చేరేసరికి ఇద్దరి గొంతులూ పోయాయి.

ఊరంటే నలభై రాతి ఇళ్ళు, ఒక వంతెన, ఒక చర్చి, కింద భోజనం పైన గదులు ఉన్న ఒక పాత సత్రం. సరుకుల కొట్టే పోస్టాఫీసు. ఇళ్ళ వెనక గోడల్ని ఒరుసుకుంటూ డల్లీ నది. నీళ్ళు పలచటి టీ డికాషన్ రంగులో ఉన్నాయి. అడుగున ప్రతి రాయీ కనిపిస్తోంది.

మర్నాడు గురువారం పొద్దున్న నది ఒడ్డున చెక్క గుడిసె దగ్గర మోయిరా వాళ్ళకోసం నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, ఎండకీ వానకీ కమిలిన ముఖం. చేప ఎక్కడ ఆగుతుందో తెలిసి, చేపలు పట్టేవాళ్ళ పక్కన నిలబడి దారి చూపించడం ఆమె పని. అలాంటివాళ్ళని అక్కడ గిల్లీ అంటారట. ఆమె మాటల్లో షాలేం రాజుకి సగమే అర్థమయ్యేవి. "ఇంగ్లీషేనా అది?" అని భార్య చెవిలో అడిగాడు. మోయిరా ఏభై ఏడేళ్ళ లూసీని 'లాస్' అని పిలిచింది. లాస్ అంటే అమ్మాయి అని తెలిసి లూసీ సిగ్గుపడింది.

గుడిసె తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. పట్టిన ప్రతి సాల్మన్‌నీ ప్రాణంతో నదిలో వదిలెయ్యాలని దాని సారాంశం. షాలేం రాజు రెండుసార్లు చదివాడు.

"వదిలెయ్యాలా? మరి పట్టుకోడం ఎందుకంట?"

చేపలు తగ్గిపోయాయనీ, గుడ్లు పెట్టడానికి పైకి వెళ్ళే చేపని తింటే రేపటికి నదిలో ఏమీ మిగలదనీ మోయిరా చెప్పింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. నదిలోకి వచ్చాక సాల్మన్ ఏమీ తినదట. ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగని కొక్కేనికి తగిలించి దాని ముక్కు ముందు ఆడిస్తే, చిరాకేసి నోట కరుచుకుంటుందట.

"వినపడిందా లూసీ? ఆకలి లేని చేపకి తిండి కాని తిండి చూపించి, పట్టుకుని, మళ్ళీ వదిలెయ్యాలంట. మా నాన్న ఉంటే నన్ను గోదాట్లో ముంచేసేవాడు."

అన్నాడే గాని, ఛాతీ దాకా వచ్చే రబ్బరు దుస్తులు తొడుక్కుని నీళ్ళలోకి దిగనే దిగాడు. జోసఫిన్ కొన్న పర్మిట్ మీద ఇద్దరూ వంతులవారీగా గాలం వెయ్యొచ్చని మోయిరా చెబితే, "అయ్యో, నేనెందుకు, నేనిక్కడ కూర్చుంటాను" అని లూసీ ఒడ్డున బల్ల మీద చేరింది.

గాలం కర్ర రెండు నిలువుల కన్నా పొడుగు. రెండు చేతులా పట్టుకుని, దారాన్ని నీటి మీద సున్నాలా తిప్పి, ముందుకి విసరాలి. మోయిరా విసిరితే అది కోడలు పిల్ల ముగ్గు వేసినంత నాజూగ్గా వెళ్ళి వాలేది. షాలేం రాజు విసిరితే ఆయన టోపీకే చుట్టుకునేది.

మొదటి రోజంతా లూసీ ఎవరో ఒకరు పిలుస్తారని ఎదురు చూసింది. మంచినీళ్ళు ఇవ్వమని గానీ, తువ్వాలు అందించమని గానీ ఎవరూ అడగలేదు. మధ్యాహ్నానికి ఆమెకి ఏం చెయ్యాలో తోచక, కంచెలో పండిన నల్లటి ముళ్ళపళ్ళు కోసుకుని తింది. శుక్రవారం నాటికి అలవాటు పడింది. బూట్లు విప్పేసి పాదాలు నీళ్ళలో పెట్టింది. తెల్ల రొమ్మున్న చిన్న పిట్ట ఒకటి రాయి మీద వంగి లేచి, వంగి లేచి, ఉన్నట్టుండి నీళ్ళలో మునిగి అడుగున నడుచుకుంటూ వెళ్ళేది. అది ఎక్కడ తేలుతుందా అని చూస్తూ గంటలు గడిపింది. తక్కిన సమయమంతా మోయిరా చేతుల్ని చూసింది. ఎప్పుడు ఆగుతున్నాయి, ఎప్పుడు కదులుతున్నాయి అని.

శుక్రవారం సాయంత్రం షాలేం రాజు దారానికి ఒక గుంజు తగిలింది. "పడింది!" అని ఊరంతా వినపడేలా అరిచి, కర్రని వెనక్కి లాగాడు. దారం వదులుగా ఎగిరి వచ్చి ఆయన భుజం మీద పడింది.

"తొందర," అంది మోయిరా. ఆ ఒక్క మాటా ఆయనకి బాగానే అర్థమైంది.

శనివారం పొద్దున్న ఆమె ఇంకో చల్లటి కబురు చెప్పింది. ఈ దేశంలో ఆదివారం సాల్మన్ మీద గాలం వెయ్యడం చట్టం ఒప్పుకోదు. సోమవారం వాళ్ళు వెళ్ళిపోతారు. అంటే ఇక ఆ రోజే మిగిలింది. షాలేం రాజు తిండి మానేసి మూడింటి దాకా నీళ్ళలోనే నిలబడ్డాడు. చివరికి కుడి భుజం లేవనని మొరాయించింది. మోయిరా ఆయన చేతిలో కర్ర తీసుకుని, గుడిసెలోకి వెళ్ళి టీ తాగి రమ్మంది. తర్వాత ఒడ్డు వైపు తిరిగింది.

"రా, లాస్."

"నాకు రాదండి."

"రెండ్రోజులుగా నా చేతులే చూస్తున్నావు. నాకు తెలీదనుకున్నావా?"

లూసీ రబ్బరు దుస్తులు తొడుక్కుని దిగింది. చలి మోకాళ్ళ దాకా పాకింది గాని తడి తగల్లేదు. నది తనని పక్కకి తోస్తూ ఉంటే, తూలకుండా నిలబడటమే మొదట గొప్పగా అనిపించింది. ఆమె ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పందొమ్మిదేళ్ళుగా చుక్క చుక్కగా ద్రావకాలు కొలిచే పని చేస్తోంది. చెయ్యి తొందరపడితే పొద్దుటి నుంచి చేసినదంతా పారబొయ్యాల్సిన పని అది. కర్ర తేలిగ్గా ఎత్తి, ఆగి, తిప్పి విసిరింది. మొదటిసారి దారం కుప్పలా పడింది. రెండోసారి కొంచెం సాగింది. ఐదారుసార్లకి తిన్నగా వెళ్ళి అవతలి రాళ్ళ నీడలో వాలింది.

మోయిరా తల ఊపింది.

ఇంకో పది నిమిషాలకి దారం ఆగింది. ఏదో రాయికి తగులుకుందేమో అనుకుంది లూసీ. ఆ రాయి మెల్లగా కదిలింది.

"ఏమీ చెయ్యకు," అంది మోయిరా గొంతు తగ్గించి. "మీ దేవుడి పేరు మూడుసార్లు చెప్పుకో. తర్వాత ఎత్తు."

"యేసయ్యా... యేసయ్యా... యేసయ్యా" అని, లూసీ కర్ర ఎత్తింది.

నది ఒక్కసారిగా ప్రాణం పోసుకుని ఆమె చేతుల్లోకి వచ్చింది. కర్రకున్న చక్రం గిర్రున తిరిగి దారం పరిగెత్తింది. దూరంగా నీళ్ళు బద్దలై వెండి పలకలాంటిది గాల్లోకి లేచి పడింది. ఆ చప్పుడుకి షాలేం రాజు టీ కప్పుతోనే గుడిసె లోంచి బయటికొచ్చాడు.

"లూసీ! లాగు! లాగెయ్!"

"మీరు కాసేపు ఊరుకోండి!" అంది లూసీ వెనక్కి తిరక్కుండా.

అలా ఆయనతో ఎప్పుడైనా అందో లేదో ఇద్దరికీ గుర్తు లేదు. ఆయన నోరు మూసుకుని ఒడ్డునే నిలబడిపోయాడు. చేప పరిగెత్తితే ఆమె వదిలింది. ఆగితే చుట్టింది. పావుగంటో, ఇరవై నిమిషాలో అయ్యాక చేప పక్కకి ఒరిగి దగ్గరికొచ్చింది. మోయిరా వల కిందికి పోనిచ్చి, నీళ్ళలోనే కొక్కెం తీసేసింది.

"ఆడది. పన్నెండు పౌన్లుంటుంది. కడుపు నిండా గుడ్లు. ఇంద, నువ్వే పట్టుకో."

లూసీ చేతులకి చేపలు కొత్త కాదు. పులుసు ముక్కలు ఎంత మందం కొయ్యాలో, మొప్పలు ఎక్కడ పట్టి తియ్యాలో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇంత చేప దొరికితే ఎన్ని ముక్కలవుతాయో మనసు అప్పుడే లెక్కేసేసింది కూడా. కాని ఆ చేతుల్లోకి వచ్చినవన్నీ చచ్చిన చేపలే. ఇది ఊపిరి తీస్తోంది. ఒక చెయ్యి తోక దగ్గర, ఇంకో చెయ్యి పొట్ట కింద పెట్టి, ముఖం ప్రవాహానికి ఎదురుగా తిప్పి పట్టుకుంది. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

"ఫొటో! ఒక్క ఫొటో తీయనీ!" అని షాలేం రాజు జేబులు తడుముకుంటున్నాడు. ఫోను గుడిసెలో ఉంది.

చేపకి బలం తిరిగి రావడం లూసీకి అరచేతుల్లో తెలిసింది. ముందు తోక కొంచెం కదిలింది. తర్వాత ఒళ్ళంతా బిగిసింది. ఒక్క తోపుతో ఆమె వేళ్ళ మధ్య నుంచి జారి, డికాషన్ రంగు నీళ్ళలో కలిసిపోయింది. లూసీ చేతులు చాలాసేపు నీళ్ళలో అలాగే ఉంచుకుంది. తను నవ్వుతోందని మోయిరా నవ్వు చూశాకే తెలిసింది.

సత్రంలో ఆ సాయంత్రం చేప వేపుడు, బంగాళాదుంపలు తెచ్చిపెట్టారు. సముద్రపు చేప. షాలేం రాజు సగం తిన్నాడు. మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం ప్రమాదమని ముప్పై ఏళ్ళ అనుభవం మీద లూసీకి తెలుసు.

"కోపం వచ్చిందా?"

"కోపం కాదు లూసీ. కుళ్ళు." ఆయన పేపర్ నాప్‌కిన్‌తో మూతి తుడుచుకున్నాడు. "ఆయ్, నిజమే చెబుతున్నా. మూడ్రోజులు నేను తడిస్తే, నువ్వు అరగంటలో పట్టేశావు. ఆ గుడిసె నుంచి ఇక్కడిదాకా కుళ్ళుకుంటూనే వచ్చాను. ఇప్పుడు చేప నోట్లో పెట్టుకున్నాక అయిపోయింది."

లూసీ పకపకా నవ్వింది. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. వాళ్ళకి షాలేం రాజు తనే చెప్పాడు, చేతులు బార్లా చాపి, మా ఆవిడ ఇంత చేప పట్టిందని. వాళ్ళలో ఒకాయన లేచి వచ్చి లూసీకి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్ళాడు.

ఆదివారం చర్చిలో వాళ్ళతో కలిపి పదకొండు మంది. పాస్టరు నాలుగు ఊళ్ళకి ఒక్కరేనట. ఆరాధన అయ్యాక టీ ఇచ్చారు. అప్పటికే ఊరందరికీ సంగతి తెలుసు. ముసలావిడ ఒకామె "నిన్నటి చేప నీదేనా?" అని అడిగింది. ఔనంది లూసీ.

మధ్యాహ్నం నది వెంబడి ఇద్దరూ నడిచారు. గాలాల్లేవు, మనుషుల్లేరు. వంతెన కింద ఒక చేప ఎగిరింది. వెనకాలే ఇంకోటి.

"చూశావా వాటి పొగరు? వాటికి కూడా తెలుసు, ఇవాళ ఆదివారమని!" అన్నాడు షాలేం రాజు. కాసేపు నిలబడి చూశాడు. తర్వాత నేల చూపులు చూస్తూ అడిగాడు. "ఆ చెయ్యి ఎలా తిప్పావో ఒకసారి చూపించవా?"

లూసీ చుట్టూ చూసి, రాలిపడ్డ పొడుగాటి కొమ్మ ఒకటి ఏరింది. గడ్డిలో నిలబడి, గాలం కర్రలా ఎత్తి, ఆగి, తిప్పి ముందుకి ఊపింది. ఆయన ఇంకో కొమ్మ తీసుకుని పక్కన నిలబడ్డాడు.

"అదిగో, ఆగలేదు మీరు. ఆగాలి."

"ఎంతసేపు?"

"పేరు మూడుసార్లు చెప్పుకునేంత సేపు."

ఇద్దరూ నీళ్ళ కేసి తిరిగి ఖాళీ కొమ్మలు ఊపుతూ ఉండగా, అవతలి ఒడ్డున మోయిరా కుక్కని తిప్పుతూ వచ్చింది. వాళ్ళని చూసి ఆగింది. ఒక వేలు పైకెత్తి, బెదిరిస్తున్నట్టు ఊపి, "ఆదివారం!" అని గట్టిగా అరిచింది. షాలేం రాజు కొమ్మని వీపు వెనక దాచేశాడు. మోయిరా రెండు చేతులతో కళ్ళు మూసుకుని, తనేమీ చూడలేదన్నట్టు కుక్క వెనకాల నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"వెళ్ళిపోయింది," అన్నాడు షాలేం రాజు. "మళ్ళీ చూపించు."