లోతు చూసే మనిషి

ఆదివారం సాయంత్రాలు నేను కడిగేవాటిలో మా ఆయన బూట్లు ఉండవు. బండి కింద గట్టిపడ్డ బురద, బండిలో కాళ్ల కింద పరిచే మ్యాట్లు, మోకాళ్ల దాకా మట్టి పట్టిన నా ప్యాంటు, వీటితోనే పొద్దుగూకుతుంది. ఆయన బూట్లకు పొడిగుడ్డ చాలు. "సరదా వాడిది, చాకిరీ నీది" అంటారు అత్తగారు వరండాలో కూర్చుని. జాలిపడుతున్నారేమో అనుకునేలోపే, "వెనక చక్రం దగ్గర వదిలేశావు, చూడు" అంటారు.

మాది కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి. ఆయన గొప్పంతా అదే. ఆదివారాలు ఇలాంటి బండ్లతో కొండలూ వాగులూ దాటే క్లబ్బు వాళ్లది. అందులో మిగతావాళ్లు పెద్ద టైర్లు వేయించారు, ఎత్తు పెంచారు, వాగులో దిగినా ఇంజనుకు గాలి అందేలా పైకప్పు దాకా గొట్టాలు పెట్టించారు. "నేను ఒక్క బోల్టు మార్చలేదురా. కావాల్సింది బండి కాదు, చెయ్యి" అంటాడు ఆయన. నిజమే, బోల్టు మార్చలేదు. గొట్టం లేదు కాబట్టి వాగు దాటే ముందు ఒక మనిషి దిగి లోతు చూడాలి. ఆ మనిషి నేనే. "ప్యాంటు మడుచుకో" అంటాడు. నేను నడిచి చూసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కాలి మీద చెయ్యి పెట్టి చూపించాలి. పిక్క దాకా అయితే పోనిస్తాడు. మోకాలైతే నెమ్మదిగా. ఆపైన అయితే వెనక్కి. నా చెయ్యి ఎక్కడ ఆగుతుందా అని గట్టు మీద మగాళ్లంతా చూస్తారు. "ఇంకాస్త పైకా వదినా?" అన్నాడొకసారి పెద్ద టైర్ల మరిది, వరస కలిపి పిలిచే ఆయన స్నేహితుడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. పాచిరాయి మీద జారి నా మోకాలు చీరుకుపోయిన రోజు ఆయన అడిగిన మొదటి మాట, "ఇంతకీ దారుందా, లేదా?"

మరి ఎందుకు వెళ్తావే అని అక్క అడిగింది. ఏం చెప్పను? పోయిన నెల ఆయన కంట్లో దుమ్ము పడింది. పాత రాళ్ల క్వారీ వాలులో బండి నేను దింపాల్సి వచ్చింది. అన్నిటికంటే చిన్న గేరు వేసి, పెడల్స్ మీంచి కాళ్లు రెండూ వెనక్కి తీసుకున్నాను. నెలలు నిండిన మనిషి మెట్లు దిగినట్టు, బండి ఒక్కో రాయినీ తడుముకుంటూ దిగింది. ఒక చక్రం గాల్లోకి లేచింది, మిగతా మూడూ నేలను పట్టుకున్నాయి. ఆ నేలంతా స్టీరింగులోంచి నా అరచేతుల్లోకి వచ్చింది. గట్టిగా కేక పెట్టాను. పెళ్లయ్యాక అంత గట్టిగా అరవడం, కాన్పులు తీసేస్తే, అదే మొదటిసారి. కింద ఆయన స్నేహితులతో, "నేను చెబుతుంటే తిప్పింది" అన్నాడు. వాళ్లు తీసి పెట్టిన వీడియో కింద పేరూ ఆయనదే. ఇంటికొచ్చాక అడిగాను, వచ్చేసారి వాగు నేను దాటిస్తానని. "సరే, దాటిద్దువుగాని" అన్నాడు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

ఆ మాట పట్టుకునే ఈ ఆదివారం వచ్చాను. పైన ఎక్కడో వాన పడ్డట్టుంది, వాగు మట్టిరంగులో ఉంది. ఇంజను ఆపకుండానే ఆయన అన్నాడు.

"ప్యాంటు మడుచుకో."

"ఇవాళ నేను కదా నడిపేది?"

"అందరూ చూస్తున్నారు. ముందు లోతు చూడు, తర్వాత చూద్దాం."

దిగాను. నీళ్లు పిక్కల్ని పక్కకు నెడుతున్నాయి. ఎడమవైపు ఒక్కసారిగా గుంట, తొడ దాకా లాగేసింది. కుడివైపు గట్టి గులకరాళ్ల నేల, మోకాలి లోతే. ఆగకుండా నిదానంగా పోతే మా బండి దాటుతుంది. గట్టు మీద ఫోన్లు లేచాయి. "ఎంత వదినా?" అలవాటుగా నా చెయ్యి కాలి మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను. తిరిగొచ్చి ఆయన వైపు డోరు తెరిచాను.

"లోతెంత?"

"దిగండి. నేను దాటిస్తాను."

"ఆటలా? ఎంతో చెప్పు."

"మాటిచ్చారుగా. లేదంటే మీరే వెళ్లి చూసుకోండి."

"నలుగురిలో పరువు తీస్తావా?" పళ్ల బిగువున అన్నాడు.

"ఏరా, వదిన సమ్మె చేస్తోందా?" పెద్ద టైర్ల మరిది కేకేశాడు. అందరూ నవ్వారు. ఈసారి ఆయన నవ్వలేదు. భయమని ఒప్పుకోలేడు, నాకు సీటూ ఇవ్వలేడు. విసురుగా దిగాడు. దిగుతూ నా వైపు చూసిన చూపులో, ఇంటికెళ్లాక జరగబోయేదంతా కనిపించింది.

"కుడివైపు నడవండి" అన్నాను. ఎంత కోపమున్నా మనిషి మునగకూడదు కదా. "ప్యాంటు మడుచుకోండి."

వినలేదు. అలాగే వాగులోకి దిగాడు.

నేను ఎక్కి కూర్చున్నాను. సీటు ఇంకా వెచ్చగా ఉంది. ముందుకు జరుపుకుని చిన్న గేరు వేశాను. వాగు మధ్యలో ఆయన వెనక్కి తిరిగాడు. కిటికీలోంచి అడిగాను.

"ఎంత?"

మెల్లగా వంగి, మోకాలి మీద చెయ్యి పెట్టాడు. గట్టు మీద ఎవరూ నవ్వలేదు.

ఆ మట్టినీళ్ల అడుగున ఎక్కడో ఆయన బూట్లున్నాయి. సాయంత్రం అవి ఎవరు కడగాలో నేను అప్పుడే తేల్చేసుకుని, క్లచ్ వదిలాను.