ఆకు చాటున ఆకు

ఆగిరిపల్లి దాటాక ఉన్న రసాల తోటలో పనివాళ్ళంతా పొద్దున్నే గట్టు మీది ముసలి మామిడి దగ్గర ఆగుతారు. ఆ తోటలో ఒక్క కాపు పనిచేస్తే చాలు, మనిషి పేరిట ఆ చెట్టుకు ఒక ఆకు మొలుస్తుంది. ఒంట్లో రక్తనాళాలు ఎలా ఉంటే ఆకులో ఈనెలు అలా ఉంటాయి. కాయలు మోసే జోజిబాబు ఆకైతే అతని పొట్టలాగే మరీ వెడల్పు. అద్దంలో మొహం చూసుకున్నట్టు ఎవరి ఆకు వాళ్ళు చూసుకుని పనిలోకి దిగుతారు.

వరలక్ష్మి మాత్రం మొగుడి ఆకే చూసేది. నరసింహులుకు బీపీ. పోయినేడు అతని ఆకులో ఒక ఈనె గోధుమరంగుకు తిరిగింది. అప్పట్నుంచి ఆమెకు ముద్ద దిగేది కాదు. అతను కాయలు కోసే చిక్కం పట్టుకుని నిచ్చెనెక్కితే, దిగేదాకా కాయలేరే ఆమె చేతులు ఆడేవి కావు.

ఆ వేసవిలోనే ఆకుల మీద పరిశోధన చేసే లేయా మేడమ్ నూజివీడు నుంచి వచ్చింది.

"కాయకి ముచ్చిక ఎందుకుంచి కోస్తారండీ?" అని నరసింహులును అడిగింది.

"లేకపోతే సొన కారి తొక్క మాడిపోద్దండి. తొక్క మాడితే కాయ నిలవదు."

"రక్తనాళానికి లోపలివైపు అలాంటి పల్చటి పొర ఉంటుందండీ. అది చెడితేనే చిక్కు. మామిడాకులో, తొక్కలో ఉండే కొన్ని పదార్థాలు దాన్ని కాపాడతాయేమోనని చూస్తున్నాం. ఇంకా తేలలేదు. మీరు వేసుకునే బీపీ బిళ్ళలు మాత్రం మానకండి."

మర్నాటి నుంచి ఇంట్లో లేతాకుల కషాయం, తొక్కల పచ్చడి. నరసింహులు మొహం చిట్లించుకుంటూనే తాగాడు, బిళ్ళా వేసుకున్నాడు. ఈ ఏటి కాపుకు ఈనె పచ్చబడింది. కషాయం గొప్పా, బిళ్ళ గొప్పా అన్నది చెట్టు చెప్పలేదు, వరలక్ష్మీ అడగలేదు. ఆమెకు ప్రాణం కుదుటపడింది.

ఒకరోజు పొద్దున్న ఆమె ఆకు చూసి మురిసిపోతుంటే, నరసింహులు నిచ్చెన వేయకుండా రోడ్డు మీద ఆటో ఆపాడు.

"ఆటో ఎవరికి మావా?"

"నీకే. ఆసుపత్రికి పోదాం."

"నాకేం? దుక్కలా ఉన్నాను."

అతను తన ఆకును వేలితో పక్కకు తప్పించాడు. దాని వెనకే, దానికి అంటుకుని, మరో ఆకు. నడిమి ఈనె సగం దాకా నల్లబడి ఉంది. వరలక్ష్మి తన ఆకును చూడటం అదే మొదటిసారి.

"నువ్వు నాది చూసి పోతావు. ఆ వెనకాల నేను నీది చూస్తా. ఇవాళ నీకన్నా ముందే చూశా. నిన్నటిదాకా బానే ఉందే," అన్నాడు. ఆమె ఆటో ఎక్కింది.

ఇంకో రెండ్రోజులు ఆగితే గుండె మీదికి వచ్చేదన్నాడు డాక్టరు. పదిరోజులకు మనిషి ఇంటికొచ్చింది. ఇప్పుడు ఇద్దరికీ బిళ్ళలున్నాయి. కషాయం కాచే పని నరసింహులుది, వంక పెట్టే పని ఆమెది.

నల్లటి ఈనె మొదలు దగ్గర సన్నగా పచ్చదనం తిరుగుతోందట. ఆ సంగతి అతను చెబితేనే ఆమెకు తెలుసు. వరలక్ష్మి ఇప్పటికీ మొగుడి ఆకే చూసి పనిలోకి దిగుతుంది.