హ పలకని హోరోవిట్జ్

మెల్‌బోర్న్‌లో కాల్‌ఫీల్డ్ వాళ్ళకి బౌల్స్ ఆట ప్రాణం. పచ్చగడ్డి మీద చిన్న తెల్లబంతికి దగ్గరగా పెద్ద బంతులు దొర్లించాలి. అక్కడి క్లబ్బులో ఏటా ఒక ఆదివారం ఇంటిపేర్ల పోటీ జరుగుతుంది. జట్టుకి ముగ్గురు, ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు కావాలి. డెబ్బై దాటిన సీలా హర్విట్జ్, ఆమె చిన్నాన్న కొడుకు లైబెల్ హోరోవిట్జ్, వాళ్ళ తమ్ముడొకడు కలిసి ఆడేవాళ్ళు. వాళ్ళ నాన్నలు ఓడ దిగిననాడు రేవు గుమాస్తా ఆ అన్నదమ్ముల పేర్లు చెరో రకంగా రాశాడు కానీ, ఇల్లు ఒకటేనని ఊరందరికీ తెలుసు.

ఈసారి సరిగ్గా పోటీనాడు తమ్ముడికి నడుం పట్టేసింది.

"అయిపోయింది, ఇంటికి పోదాం పద," అన్నాడు లైబెల్.

క్లబ్బు వంటింట్లో పనిచేసే రిమ్మా టీ కప్పులు సర్దుతూ వాళ్ళవైపు తిరిగింది. ఒడెస్సా నుంచి వచ్చి రెండేళ్ళయిందామెకి. "నన్ను తీసుకోండి. నాదీ మీ ఇంటిపేరే. గురేవిచ్."

లైబెల్ పకపకా నవ్వాడు. "అలాగైతే మా పక్కింటి గ్రీన్ కూడా మావాడే!"

"మా రష్యన్‌లో హ లేదు బాబూ, దాని బదులు గ పలుకుతాం. హాలండ్‌నే గొల్లాండియా అంటాం. మీ పేరొక లెక్కా?"

సీలాకి నమ్మబుద్ధి కాలేదు. "మీ ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చిందని మీ తాత చెప్పేవాడు?"

"ప్రాగ్ దగ్గర హోరోవిత్సె. అసలైనవాళ్ళం మేమేనట, మిగతాదంతా దొంగ సరుకట."

 శుక్రవారం రాత్రి యూదుల సబ్బాతు భోజనాల దగ్గర సీలా తాత అన్నదీ అక్షరాలా అదే. "లేవరా లైబెల్, మనిషి దొరికింది," అంది.

కార్యదర్శి కాగితం చూసి బుర్ర గోక్కున్నాడు. "మూడు పేర్లూ మూడు రకాలుగా ఉన్నాయే!"

"రాతలో అంతే నాయనా, రక్తంలో ఒకటే," అంది సీలా. ఆమెతో వాదించి గెలిచినవాడు ఆ క్లబ్బులో లేడు. అతను సంతకం పెట్టేశాడు.

రిమ్మా ఎన్నడూ బంతి పట్టి ఎరగదు. ఆమె వేసిన మొదటిది వంపు తిరిగి పక్కవాళ్ళ ఆటలోకి పోయి, వాళ్ళ బంతుల్ని చెల్లాచెదురు చేసింది. సీలా నవ్వలేక కడుపు పట్టుకుంది. చిత్తుగా ఓడిపోయారు. అయితే చిట్టచివరి బంతిని మాత్రం రిమ్మా తెల్లబంతికి ఆనించి నిలబెట్టింది. లైబెల్ టోపీ గాల్లోకి విసిరాడు.

తర్వాత రిమ్మా తన తిండి డబ్బా విప్పితే, లైబెల్ ఉప్పుచేప మూడో ముక్క నములుతూ ఆమెతో అన్నాడు: "మంగళవారం పొద్దున్నే సాధన. ఆలస్యం చెయ్యకక్కా!"