తాడుండగా పడవ కదలదు

చిన్నమ్మాయి రైలు పెట్టె కింద పడుకుని, మసి పట్టిన ఇరుసును బూడిదతో, కొబ్బరి పీచుతో తోముతోంది. రైలు పెట్టెలు కడగడం కొవ్వూరు రేవులో చేపలు పట్టే పల్లెకారుల ఆడవాళ్ళకు కొత్తగా వచ్చిన కూలి. గోదావరి మీద వంతెన ఇంకా స్తంభాల దగ్గరే ఉంది. రైలు ఇవతలి ఒడ్డునే ఆగిపోతుంది. జనం పడవల్లో రాజమండ్రికి దాటుతారు. రైలు తిరిగి బయలుదేరేలోగా పెట్టెలన్నీ తళతళలాడాలి.

అవతలి కొసన ఇంజను వచ్చి తగిలింది.

"ఓయ్, కింద మనుషులున్నారు!" అని ఆమె వదిన వీరమ్మ అరిచింది. ఆవిరి చప్పుడులో ఆ అరుపు ఎవరికీ వినబడలేదు. చక్రం ఒక మూర కదిలింది. అంతే.

చిన్నమ్మాయిని చాపలో మోసుకుపోతుంటే కంట్రాక్టరు సూర్యరాజు గొడుగు కిందనుంచి కదలకుండా అన్నాడు: "ఆ చక్రం కడగండి. సాయంత్రం దొరలెక్కుతారు."

ఆ చక్రాన్ని వీరమ్మే కడిగింది.

కర్మలైన సాయంత్రం, వలలు ఆరేసిన ఇసుకలో అందరూ కూర్చున్నారు.

"నేనిక పెట్టె కిందికి దూరనర్రా. కళ్ళు మూస్తే ఆ చక్రమే కనబడతంది," అంది వీరమ్మ.

"నువ్వు దూరకపోతే పెనుగొండ నించి ఇంకోళ్ళని తెస్తాడు. నోరు మూసుకుని చేసుకుపో. రాజులతో మనకెందుకే?" అన్నాడు ఆమె మొగుడు సత్తియ్య. రేవులో దాటింపు పడవ నడుపుతాడు. పోయింది అతని తోడబుట్టిందే. అయినా తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"నీ పడవకి చక్రాల్లేవుగా బావా, ఎన్ని కబుర్లయినా చెబుతావు," అందొకామె. ఎవరికీ నవ్వు రాలేదు.

చిన్నమ్మాయి తల్లి లోవమ్మ గొంతు విప్పింది. "మన తప్పూ ఉంది. వల అడుగున చిక్కుపడితే, మునిగేవోడి నడుముకి తాడు కడతామా లేదా? ఆ తాడుండగా పడవ కదిపే మగాడున్నాడా ఈ రేవులో? మునిగినోడే పైకొచ్చి ముడి విప్పాలి. మరి నా పిల్లకి తాడేదిరా? నేల మీద మునిగేదేంటిలే అనుకున్నాం."

భయపడ్డవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు ఇళ్ళకు పోతే కంట్రాక్టర్ల పని సులువవుతుంది. ఆ సాయంత్రం ఎవరూ ఇంటికి పోలేదు.

మర్నాడు ఆడవాళ్ళంతా సూర్యరాజు ముందు నిలబడ్డారు. వీరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆయ్, రాజుగారండి... పెట్టె ముందు పట్టాలకి అడ్డంగా తాడు కడతామండి. దానికి వల తేల్చే తెల్ల బెండ్లు వేలాడదీస్తామండి, దూరానికి కనబడేలాగ. కిందికి దూరినోళ్ళే బయటికొచ్చి విప్పుకుంటారండి. అప్పుడు ఇంజను తగిలించమనండి."

"తాడు ఇంజన్ని ఆపుద్దా?"

"ఇంజన్ని ఆపదండి. తోలే మనిషిని ఆపుద్దండి. ప్రాణం బిక్కుబిక్కుమంటుంటే ఇరుసు సగం తోమి పైకొచ్చేత్తన్నామండి. తాడుంటే పని కూడా శుభ్రంగా ఉంటదండి."

సూర్యరాజు ఒక్క క్షణం ఆలోచించినట్టే కనబడ్డాడు. అంతలో స్టేషను వైపు చూశాడు. బండి ఆలస్యమైతే దొర అడిగేది అతన్నే. "మీరు ముళ్ళు విప్పుకునేదాకా దొరలు ఎండలో నిలబడాలా? ఇదేమన్నా చేపల రేవనుకున్నారా? తాడు తెచ్చినదాన్ని జైలుకి పంపిస్తాను!"

మర్నాడు బూడిద గంపల అడుగున పాత వల తాళ్ళు, బెండ్లు వచ్చాయి.

తాడు కట్టి కిందికి దూరాక వీరమ్మకు బయట తిరిగేవాళ్ళ పాదాలు తప్ప ఏమీ కనబడలేదు. ఇనుము మీదినుంచి నీటి చుక్క మెడ మీద పడితే కెవ్వుమంది. పక్క పెట్టె కిందనుంచి లోవమ్మ గొంతు వినబడింది: "ఉన్నానే, ఉన్నాను." ఆ పక్కన ఇంకొకామె, "నేనూ ఉన్నాను." ఒక్కరూ బయటికి పాకలేదు.

ఇంజను కూత పెట్టింది. పట్టాలు వీరమ్మ వీపు కింద అదిరాయి. కళ్ళు మూసుకుంది. అదురు దగ్గరికి వచ్చి వచ్చి, ఆగింది. డ్రైవరు బెండ్లను చూశాడు.

"కోసెయ్యరా ఆ తాళ్ళు!" సూర్యరాజు అరిచాడు.

మేస్త్రీ అబ్బులు కత్తి తీసుకుని వంగాడు. పెట్టెల కింద చీకట్లోనుంచి ఆడవాళ్ళ కళ్ళు అతన్నే చూస్తున్నాయి. కత్తి కింద పెట్టేశాడు. "నావల్ల కాదండి. కింద మనుషులున్నారండి."

పోలీసులు వచ్చి వీరమ్మను కాళ్ళు పట్టి బయటికి లాగారు. ముడి విప్పమన్నారు.

"కింద మా అత్తుందండి," అంది వీరమ్మ.

నడుముకు తాడు కట్టి, కొస పట్టుకుని, కానిస్టేబులు ఆమెను రేవుకు నడిపించాడు. రాజమండ్రి జైలు అవతలి ఒడ్డున. వరసలో మొదటి పడవ సత్తియ్యది. ఇద్దరూ ఎక్కారు.

"పోనియ్యి," అన్నాడు కానిస్టేబులు.

సత్తియ్య గడ ఎత్తాడు. భార్య నడుము వైపు చూశాడు. మెల్లగా గడను పడవలో పడుకోబెట్టాడు.

"మనిషికి తాడుండగా పడవ కదలదండి."

"నిన్నూ కట్టేస్తాను, ఎదవా!"

"కట్టండి. అప్పుడు రెండు తాళ్ళవుతాయండి." ఈసారి తల ఎత్తే అన్నాడు.

కానిస్టేబులు పక్క పడవను కేకేశాడు. అందులోనూ గడ చెక్క మీద టక్కున పడింది. దాని పక్కదానిలోనూ. రేవు పొడుగునా వెదురు చప్పుడు సాగిపోయింది.

గట్టు మీద ఇంజను మళ్ళీ కూత పెట్టింది. పెట్టెల ముందు తెల్లటి బెండ్లు గాలికి ఊగుతున్నాయి.